జె.ఆర్.డి.టాటా

జె.ఆర్.డి.టాటాగా ప్రసిద్ధుడైన జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా (జూలై 29, 1904 - నవంబరు 29, 1993) భారతదేశములో పౌర విమానయానానికి ఆద్యుడు, ప్రముఖ పారిశ్రామికవేత్త. భారతదేశంలో జారీ అయిన మొట్టమొదటి పైలట్ లైసెన్సు ఈయనదే. 1932లో కరాచీ నుండి బొంబాయికి తపాలా సంచులతో ఈయన స్వయంగా నడిపిన చిన్న విమానముతో మన దేశంలో క్రమబద్ధమైన స్వదేశీ విమాన సర్వీసు మొదలయింది. ఆ సర్వీసే కాలక్రమంలో ఎయిర్ ఇండియాగా రూపొందింది. 1938 నుండి 1991 వరకు టాటా సంస్థల అధిపతిగా ఉన్నాడు. 1992లో భారతరత్న పురస్కారం పొందాడు. ఆ మొదటి తపాలా మార్గము బళ్ళారి మీదుగా, తరువాతి కాలంలో హైదరాబాదు మీదుగా సాగినందున దక్షిణాపథంలోని విమానయాన చరిత్రతోనూ ఈయనకు దగ్గరి సంబంధమున్నది.

తొలి విమానాల కాలము

ఇంజను శక్తితో నడిచే విమానాన్ని అమెరికాకు చెందిన రైటు సోదరులు 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ సమీపంలో మొదటిసారిగా ఎగురవేశారు. జె.ఆర్.డి. జన్మించినది ఆ తరువాత ఏడు నెలలకే. ఆయన బాల్యమూ, విమానం యొక్క బాల్యమూ ఒకే కాలంలో గడిచాయి. 1909 జూలై 25న ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్లేరియో ఇంగ్లీషు ఛానెల్‌ను విమానంలో దాటి ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందాడు.

విమానం భారతదేశానికి కూడా త్వరగానే చేరింది. 1910లో మద్రాసులో జకోమో డి ఏంజెలిస్ అనే హోటలు యజమాని తాను తయారు చేయించిన విమానాన్ని ఎగురవేశాడు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో హెన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరాలతో యమునా నది దాటి నైనీలో దిగాడు. ప్రపంచంలో అధికారికంగా జరిగిన మొదటి విమాన తపాలా ఇదే. కాని ఇవన్నీ ప్రదర్శనలుగానే మిగిలిపోయాయి. వేళ ప్రకారం, ఏడాది పొడవునా నడిచే విమాన సర్వీసు దేశంలో ఏర్పడటానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

బాల్యము, విద్యాభ్యాసము

జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా పార్సీ మతస్థుడు, టాటా సంస్థల వ్యవస్థాపకుడైన జంషెట్‌జీ టాటాకు బంధువు, వ్యాపార భాగస్వామి. తల్లి సుజాన్ బ్రియేర్ ఫ్రెంచి వనిత. వివాహానంతరం ఆమెకు సూనీ అని పేరు పెట్టారు. వీరి ఐదుగురు సంతానంలో జె.ఆర్.డి. రెండవవాడు. తండ్రి వ్యాపారము కారణంగా కుటుంబం తరచు దేశాలు మారుతుండేది. అందువలన ఈయన చదువు పారిస్, బొంబాయి, జపానులోని యొకొహామా నగరాలలో సాగింది. ఇంట్లో మాట్లాడే భాష ఫ్రెంచి కావడం వలన ఆంగ్లము ఆ తరువాత నేర్చుకొన్నాడు.

వేసవిలో ఈ కుటుంబం ఉత్తర ఫ్రాన్సులోని అర్‌దెలో అనే సముద్రతీర గ్రామంలో గడిపేది. అక్కడ వీరి పొరుగున ఉన్నది బ్లేరియో కుటుంబం. బ్లేరియో వద్ద పనిచేసే పైలట్లు అప్పుడప్పుడు ఆ ఇసుక తీరంలోనే విమానాలు దించేవారు. వాటిని దగ్గరగా చూసిన బాలునికి తానూ విమానం నడపాలనే కోరిక కలిగింది. పదిహేనవ ఏట అదే తీరంలో ప్రయాణికునిగా మొదటిసారి విమానమెక్కాడు.

1923లో తల్లి క్షయవ్యాధితో మరణించింది. ఫ్రెంచి పౌరుడైనందున కొంతకాలం ఆ దేశపు అశ్విక దళంలో నిర్బంధ సైనిక సేవ చేశాడు. తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదవాలని ఆశించాడు గాని, తండ్రి పిలుపుపై 1925 చివర బొంబాయి వచ్చి టాటా సంస్థలో జీతము లేని శిక్షణార్థిగా చేరాడు. 1926లో తండ్రి కూడా మరణించగా, 22 ఏళ్ళ వయసులోనే కుటుంబ బాధ్యతతో పాటు టాటా సన్స్ డైరెక్టరు పదవి ఈయనపై పడింది. విశ్వవిద్యాలయ చదువు లేకపోవడం ఆయనకు జీవితాంతం ఒక లోటుగా ఉండేది. 1929లో ఫ్రెంచి పౌరసత్వాన్ని వదులుకొన్నాడు. 1930లో థెల్మా వికాజీని వివాహమాడాడు. వీరికి సంతానము లేదు.

పైలట్ లైసెన్సు

1920ల చివర బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు ఏర్పడగానే జె.ఆర్.డి. అందులో చేరి శిక్షణ పొందాడు. 1929 ఫిబ్రవరి 10న ఈయనకు ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా పైలట్ లైసెన్సును ఇచ్చింది. దాని సంఖ్య 1. అంతకు ముందు విమానం నడిపిన భారతీయులు లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంద్రలాల్ రాయ్ వంటివారు బ్రిటిషు వైమానిక దళంలో పోరాడారు. అయితే స్వదేశంలో శిక్షణ పొంది, స్వదేశంలోనే లైసెన్సు తీసుకొన్నవారిలో ఈయన మొదటివాడు.

ఆగా ఖాన్ పోటీ

ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా విమానం నడిపే మొదటి భారతీయునికి 500 పౌండ్లు బహుమతిగా ఇస్తానని ఆగా ఖాన్ ప్రకటించాడు. ప్రయాణం ఏ దిశలోనైనా చేయవచ్చును, కాని నిర్ణీత గడువులోగా ముగించాలి. ముగ్గురు పోటీకి దిగారు. మన్‌మోహన్ సింగ్, 17 ఏళ్ళ ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుండి బయలుదేరగా, జె.ఆర్.డి. 1930 మే నెలలో జిప్సీ మాత్ విమానంలో కరాచీ నుండి ఇంగ్లండు వైపు బయలుదేరాడు.

ఈజిప్టులోని అబూకిర్ విమానాశ్రయంలో దిగినపుడు అక్కడ ఆస్పీ ఇంజనీర్ చిక్కుకొని ఉన్నాడు. ఇంజనుకు కావలసిన స్పార్క్ ప్లగ్గులు లేక ఆయన ముందుకు కదలలేకపోయాడు. జె.ఆర్.డి. తన వద్ద అదనంగా ఉన్న ప్లగ్గులను ప్రత్యర్థికి ఇచ్చి, తన దారిన తాను వెళ్ళాడు. చివరకు ఆస్పీ కొద్ది తేడాతో ముందు గమ్యం చేరి బహుమతి గెలుచుకొన్నాడు. మన్‌మోహన్ సింగ్ గడువు దాటిన తరువాత చేరినందున బహుమతికి అర్హుడు కాలేదు. ఆస్పీ ఇంజనీర్ ఆ తరువాత భారత వాయుసేనలో చేరి, 1960 నుండి 1964 వరకు దాని ప్రధానాధికారిగా పనిచేశాడు.

1932 - మొదటి తపాలా విమానము

1929లో బ్రిటనుకు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండను నుండి కరాచీ వరకు విమాన సర్వీసు మొదలుపెట్టింది. దీనితో లండను ఉత్తరాలు సుమారు వారం రోజులలో కరాచీ చేరసాగాయి. కాని అక్కడి నుండి బొంబాయికి, మద్రాసుకు రైలులోనే వెళ్ళవలసి రావడంతో, విమానం వలన మిగిలిన కాలం రైలు ప్రయాణంలో ఖర్చయ్యేది. బ్రిటిషు వాయుసేనలో పనిచేసి, 1929లో భారతదేశానికి వచ్చిన నెవిల్ విన్సెంట్ ఈ లోటును గమనించాడు. కరాచీ నుండి దక్షిణాదికి విమానంలోనే తపాలా చేరవేయాలనే అతని ప్రతిపాదన జె.ఆర్.డి.కి నచ్చింది. అప్పటి టాటా సంస్థల అధిపతి సర్ దొరాబ్జీ టాటా మొదట సందేహించినా, చివరకు రెండు లక్షల రూపాయల పెట్టుబడికి అంగీకరించాడు.

ప్రభుత్వము మాత్రం ఆర్థిక సహాయం చేయడానికి ఒప్పుకోలేదు. ఐరోపాలో విమాన సంస్థలు ప్రభుత్వ ధనంతోనే నిలబడుతున్న రోజులవి. టాటాలు సహాయం లేకుండానే, మోసిన తపాలా బరువును బట్టి రుసుము తీసుకొనే పద్ధతికి ఒప్పుకొన్నారు. 1932లో ఒప్పందం కుదిరింది.

1932 అక్టోబరు 15న ఉదయం కరాచీలోని డ్రిగ్ రోడ్ విమానాశ్రయం నుండి జె.ఆర్.డి. పస్ మాత్ విమానంలో ఒంటరిగా బయలుదేరాడు. డి హావిలాండ్ సంస్థ తయారు చేసిన ఈ విమానానికి ఒకే ఇంజను ఉండేది. వేగము గంటకు సుమారు 160 కిలోమీటర్లు. రేడియో గాని, దారి చూపే పరికరాలు గాని లేవు. నేలపై కనిపించే నదులు, రైలు పట్టాలు, పటము, దిక్సూచి - ఇవే ఆధారాలు. అహ్మదాబాదులో దిగినపుడు పెట్రోలు డబ్బాలను ఎడ్లబండిపై తెచ్చి విమానంలో నింపారు. మధ్యాహ్నం రెండు గంటల లోపున విమానం బొంబాయిలోని జుహూ మైదానంలో దిగింది. అక్కడి నుండి విన్సెంట్ మరొక విమానంలో మద్రాసు ఉత్తరాలను తీసుకొని బళ్ళారి మీదుగా సాగిపోయాడు.

జుహూ అప్పట్లో సముద్రపు ఒడ్డున ఉన్న బురద మైదానం. వానాకాలంలో అది నీట మునిగేది కనుక ఆ నెలలలో సర్వీసును పూనా నుండి నడిపేవారు. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా మొదటి సంవత్సరంలో ఈ సంస్థ విమానాలు 1,60,000 మైళ్ళు తిరిగి, 155 మంది ప్రయాణికులను, 10 టన్నులకు పైగా తపాలాను చేరవేశాయి. ఆ ఏడాది సుమారు 60,000 రూపాయల లాభం వచ్చింది. ఉత్తరాలు చెప్పిన వేళకు చేరడమే సంస్థకు గొప్ప పేరు తెచ్చింది. 1938 నాటికి దీనికి టాటా ఎయిర్‌లైన్స్ అనే పేరు స్థిరపడింది. జె.ఆర్.డి.కి కుడిభుజంగా నిలిచిన విన్సెంట్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, విమానయానంలోనే ప్రాణాలు కోల్పోయాడు.

తెలుగు ప్రాంతాలతో సంబంధము

మొదటి మార్గంలో బొంబాయి, మద్రాసుల మధ్య మజిలీగా ఎంచుకొన్న బళ్ళారి అప్పట్లో మద్రాసు రాజధానిలోని దత్త మండలాలలో ఒక జిల్లా కేంద్రం. అక్కడ తెలుగువారు ఎక్కువ సంఖ్యలో ఉండేవారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే అది మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1930 దశకంలోనే నిజాం రాజ్యపు రాజధాని హైదరాబాదు ఈ మార్గంలో మజిలీ అయింది. 1938లో బ్రిటిషు సామ్రాజ్య తపాలా పథకం క్రింద కరాచీ నుండి కొలంబో వరకు టాటా విమానాలు నడిచినపుడు కూడా అవి బొంబాయి, హైదరాబాదు, మద్రాసు నగరాలను తాకుతూ వెళ్ళేవి.

హైదరాబాదు ఏరో క్లబ్బు కృషితో 1930లలో బేగంపేట విమానాశ్రయం రూపుదిద్దుకొన్నది. 1945లో నిజాం ప్రభుత్వము, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థను స్థాపించాయి. ఇందులో అధిక వాటా నిజాం రాజ్యానిది. బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపిన ఈ సంస్థకు మరొక విశేషమున్నది. వాణిజ్య విమానాలు నడపడానికి అర్హత పొందిన తొలి భారతీయ మహిళలలో ఒకరైన ప్రేమ్ మాథుర్‌ను అనేక విమాన సంస్థలు నిరాకరించగా, డెక్కన్ ఎయిర్‌వేస్ పైలట్‌గా చేర్చుకొన్నది.

హైదరాబాదు ఉత్తర శివార్లలో విమానయానము ఆ తరువాత సైనిక శిక్షణ రూపంలో విస్తరించింది. మేడ్చల్ రహదారిపైనున్న పేట్ బషీరాబాద్‌కు తూర్పు దిక్కున, శామీర్‌పేట దారిలో హకీంపేట వాయుసేనా కేంద్రము, మరొక వైపు 1971లో ప్రారంభమైన దుండిగల్ వాయుసేన అకాడమీ ఉన్నాయి. వాయుసేనకు చెందిన శిక్షణ విమానాలు ఈ గ్రామాల ప్రజలకు నిత్యము కనిపించే దృశ్యము. జె.ఆర్.డి.కి కూడా వాయుసేన గౌరవ హోదాలను ఇచ్చింది. 1974లో ఆయన గౌరవ ఎయిర్ వైస్ మార్షల్ అయ్యాడు. బేగంపేట నుండి నడిచిన వాణిజ్య సర్వీసులు 2008 మార్చిలో శంషాబాదులోని కొత్త విమానాశ్రయానికి మారాయి.

ఎయిర్ ఇండియా

1946లో టాటా ఎయిర్‌లైన్స్ పబ్లిక్ కంపెనీగా మారి ఎయిర్ ఇండియా అనే పేరు పొందింది. ప్రతిపాదనకు వచ్చిన కొన్ని పేర్లలో దీనిని ఉద్యోగుల అభిప్రాయం తీసుకొని నిర్ణయించారు. స్వాతంత్ర్యానంతరం విదేశాలకు విమానాలు నడపడానికి ప్రభుత్వ భాగస్వామ్యంతో ఒక సంస్థ పెట్టాలని జె.ఆర్.డి. ప్రతిపాదించగా ప్రభుత్వం అంగీకరించింది. 49 శాతం వాటా ప్రభుత్వానిది. ఈ విధంగా ఏర్పడిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ యొక్క మొదటి విమానము మలబార్ ప్రిన్సెస్ 1948 జూన్ 8న బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండను వెళ్ళింది.

సంస్థ నిర్వహణలో జె.ఆర్.డి. చిన్న విషయాలను కూడా వదిలేవాడు కాదు. ప్రయాణించిన ప్రతిసారి భోజనము, సీట్లు, శుభ్రత, సిబ్బంది ప్రవర్తన గమనించి, లోపాలను కాగితంపై వ్రాసి సంబంధిత అధికారులకు పంపేవాడు. ధనంలోను, విమానాల సంఖ్యలోను పెద్ద దేశాల సంస్థలతో పోటీ పడలేని సంస్థ సేవలోను, వేళ పాటించడంలోను వాటిని మించాలని ఆయన అభిమతము. 1958-59లో అంతర్జాతీయ విమాన రవాణా సంఘానికి అధ్యక్షునిగా పనిచేశాడు. 1960లో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్ విమానాలను ప్రవేశపెట్టింది.

జాతీయీకరణ

రెండవ ప్రపంచ యుద్ధం ముగియగానే అమెరికా సైన్యము వదిలి వెళ్ళిన డకోటా విమానాలు తక్కువ ధరకు అమ్ముడుపోయాయి. వాటిని కొని అనేక విమాన సంస్థలు పుట్టుకొచ్చాయి. దేశంలో ఉన్న కొద్దిమంది ప్రయాణికులకు ఇన్ని సంస్థలు అక్కరలేదని, లైసెన్సులు పరిమితంగా ఇవ్వాలని జె.ఆర్.డి. వాదించాడు. ప్రభుత్వం వినలేదు. కొద్ది ఏళ్ళలోనే చాలా సంస్థలు నష్టాలలో మునిగాయి. 1950లో నియమించిన రాజాధ్యక్ష విచారణ సంఘము విమాన రవాణాను వెంటనే జాతీయం చేయవలసిన అవసరం లేదని సూచించింది. అయినప్పటికీ పార్లమెంటు 1953లో చట్టం చేసింది. ఆ సంవత్సరం ఆగస్టు 1న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌ను ఒక కార్పొరేషనుగా మార్చి, డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది స్వదేశీ సంస్థలను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనం చేశారు.

తాను నిర్మించిన సంస్థను తనతో సరిగా సంప్రదించకుండా తీసుకొన్నారని జె.ఆర్.డి. బాధపడ్డాడు. ఈ విషయమై ప్రధానమంత్రి నెహ్రూకు తన నిరసనను తెలియజేశాడు. వారిద్దరి మధ్య స్నేహమున్నా ఆర్థిక విధానాలలో ఏకాభిప్రాయం లేదు. సంస్థ చేజారిపోయిందని ఆయన తప్పుకొని ఉండవచ్చును. కాని నెహ్రూ కోరికపై ఎయిర్ ఇండియా అధ్యక్ష పదవిని స్వీకరించాడు. సిబ్బంది భవిష్యత్తు, సేవా ప్రమాణాలు దెబ్బతినరాదనే ఆలోచన ఇందుకు ముఖ్య కారణము. ఆ తరువాత పాతికేళ్ళ పాటు జీతము తీసుకోకుండా ప్రభుత్వ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేశాడు.

పదవి నుండి తొలగింపు

1978 జనవరి 1న ఎయిర్ ఇండియాకు చెందిన బోయింగ్ 747 విమానము, ఎంపరర్ అశోక, బొంబాయి తీరంలో సముద్రంలో కూలి 213 మంది మరణించారు. ఆ మరుసటి నెలలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వము జె.ఆర్.డి.ని అధ్యక్ష పదవి నుండి తప్పించి, వాయుసేన మాజీ ప్రధానాధికారి పి.సి.లాల్‌ను నియమించింది. ఈ నిర్ణయముపై దేశ విదేశాలలో విమర్శలు వచ్చాయి. సంస్థలో పలువురు అధికారులు, ఉద్యోగులు నిరసన తెలిపారు. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వము ఆయనను ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ డైరెక్టర్ల బోర్డులలోకి తిరిగి తీసుకొన్నది గాని అధ్యక్ష పదవి మళ్ళీ ఆయనకు రాలేదు.

1982లో మొదటి తపాలా విమానానికి స్వర్ణోత్సవం జరిగినపుడు, 78 ఏళ్ళ వయసులో జె.ఆర్.డి. లెపర్డ్ మాత్ అనే పాతకాలపు విమానాన్ని కరాచీ నుండి బొంబాయికి తానే నడిపాడు.

ఇతర కృషి

1938లో 34 ఏళ్ళ వయసులో ఈయన టాటా సన్స్ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి 14గా ఉన్న టాటా సంస్థల సంఖ్య, 1991లో ఆయన ఆ బాధ్యతను రతన్ టాటాకు అప్పగించే నాటికి తొంభై దాటింది. బొంబాయిలోని టాటా స్మారక క్యాన్సరు ఆసుపత్రి (1941), హోమీ భాభా నాయకత్వంలో ఏర్పడిన టాటా మౌలిక పరిశోధనా సంస్థ (1945) ఈయన కాలంలో వెలిశాయి. జనాభా పెరుగుదలను అదుపు చేయాలని తొలినాళ్ళ నుండి చెప్పినవారిలో ఒకడు. ఇందుకుగాను 1992లో ఐక్యరాజ్య సమితి జనాభా పురస్కారం పొందాడు.

పురస్కారాలు

1955లో పద్మవిభూషణ్, 1979లో టోనీ జానస్ పురస్కారము, 1988లో డానియెల్ గుగెన్‌హీమ్ పతకము, 1992లో భారతరత్న ఈయనకు లభించాయి. రెండవది, మూడవది విమానయాన రంగంలో అంతర్జాతీయంగా పేరొందిన గౌరవాలు.

మరణము, ఆ తరువాత

జె.ఆర్.డి. 1993 నవంబరు 29న స్విట్జర్లాండులోని జెనీవాలో మరణించాడు. పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఆయన గౌరవార్థం భారత పార్లమెంటు వాయిదా పడింది.

2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి. ఏళ్ళ తరబడి నష్టాలు పెరగడంతో ప్రభుత్వము సంస్థను అమ్మకానికి పెట్టగా, 2021లో టాటా సంస్థలు దానిని దక్కించుకొన్నాయి. 2022 జనవరి 27న యాజమాన్యము బదిలీ అయింది. డెక్కన్ ఎయిర్‌వేస్‌ను తనలో కలుపుకొన్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారసత్వము కూడా ఈ విధంగా టాటాలకే చేరింది. విమాన రవాణా ప్రభుత్వము చేతిలో ఉండాలా, వ్యక్తుల చేతిలో ఉండాలా అనే వాదము నేటికీ ముగియలేదు. జె.ఆర్.డి. ఈ రెండు పద్ధతులలోనూ ఒకే సంస్థను నడిపినవాడు. యాజమాన్యము మారినా, 1978 వరకు ఆయన ప్రమాణాలలో మార్పు రానీయలేదు.